ఆటలో పోయినవాళ్ళు



మొన్నటి సంక్రాంతికి ఒంగోలులో మా తమ్ముడి ఇంట్లో ఉన్నాను. భోగికి ముందు రాత్రి, పన్నెండు దాటాక, మంచినీళ్ళ కోసం లేచి హాల్లోకి వచ్చాను. లైట్లన్నీ ఆర్పేసి ఉన్నాయి. టీవీ వెలుతురులో మా తమ్ముడి కొడుకు చాప మీద కూర్చుని ఉన్నాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఒళ్ళో గేమ్ కంట్రోలర్ ఉంది గానీ ఆడటం లేదు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటున్నాడు. కాలేజీలో ఏదైనా జరిగిందేమో అనుకుని పక్కన కూర్చున్నాను. "ఏమైందిరా?" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "చేతక్ పోయింది పెదనాన్నా" అన్నాడు.

చేతక్ ఆటలో గుర్రం. రాణా ప్రతాప్ గుర్రం పేరు వాడే దానికి పెట్టుకున్నాడు. రెండు నెలలుగా రోజూ రాత్రి గంటో గంటన్నరో దాని మీద కొండలూ వాగులూ తిరిగాడు. మేత పెట్టాడు. ఒంటికి అంటిన బురదను బ్రష్‌తో దులిపాడు. పాము కనబడి బెదిరితే మెడ నిమిరి ఊరుకోబెట్టాడు. ఆ రాత్రి కాల్పుల్లో అది కూలిపోయింది.

తెల్లవారేసరికి సంగతి ఇంట్లో అందరికీ తెలిసింది. "మూడు బ్యాక్‌లాగులు పెట్టుకుని బొమ్మ గుర్రం కోసం ఏడుపేంట్రా?" అన్నాడు మా తమ్ముడు. వాడి అక్క నవ్వింది. మా అమ్మకు ఎనభై దాటాయి. ఆవిడ మాత్రం భోగిమంట దగ్గర వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఎట్లా పోయిందిరా?" అని అడిగింది. వాడు మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. మంట ఆరి నిప్పులు మిగిలేదాకా ఆవిడ వింటూనే ఉంది.

ఈ ప్రసంగానికి కారణం మా అమ్మ అడిగిన ఆ ప్రశ్నే. వీడియో గేముల్లో పాత్రలు చనిపోయినప్పుడు ఆడేవాళ్ళు ఏడుస్తారు. దేశదేశాల్లో ఏడ్చారు, ఏళ్ళ తరబడి తలచుకుంటున్నారు. చూసేవాళ్ళకు అది పసితనంగా కనబడుతుంది. ఆ దుఃఖం నిజమైనదనీ, దానికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలనీ నేను నమ్ముతున్నాను. ఎందుకో చెప్పాలంటే చేతక్‌ను కాసేపు అక్కడే ఉంచి, కొంచెం వెనక్కి వెళ్ళి రావాలి.

మా అమ్మ పుట్టిల్లు పల్నాడు. ఆవిడ చిన్నతనంలో ఊళ్ళో బుర్రకథ పెడితే, బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే ఘట్టం నుంచే ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళట. వాడు తిరిగి రాడని అందరికీ తెలుసు. కిందటేడూ విన్నారు, అంతకు ముందేడూ విన్నారు. అయినా తంబురా ఆగి కథకుడి గొంతు దిగగానే దుఃఖం పొంగుకొచ్చేది. ఆ పల్నాటి వీరులకు కారంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో ఉత్సవాలు జరుగుతాయి. 1953లో వచ్చిన సినిమాలో, పార్వతి అత్తవారింటి ముందు దేవదాసు ప్రాణం విడిస్తే ఏడవని ఇల్లు మన దగ్గర తక్కువ. ఆ కన్నీళ్ళను ఎవరూ తప్పుపట్టలేదు. కరుణరసమని పేరు పెట్టి పెద్దపీట వేశారు. భవభూతి అయితే ఉన్న రసం ఒక్కటే, అది కరుణ అని తేల్చేశాడు.

అయితే ఆటలో చావు మాట వేరు. మనం చిన్నప్పటి నుంచీ ఆటలో చస్తూనే ఉన్నాం. చెడుగుడులో కూతకొచ్చినవాడు తాకిపోతే "చచ్చావు, బయటికి నడు" అంటారు. గీత అవతల కూర్చుంటాం. మనవాళ్ళు అవతలి జట్టులో ఒకణ్ణి చంపితే మళ్ళీ బతికి లోపలికొస్తాం. ఆ పద్ధతికి సంజీవని అనే పేరు కూడా ఉంది. 1990లలో మన ఇళ్ళలోకి టీవీకి తగిలించి ఆడుకునే గేములొచ్చాయి. క్యాసెట్ అడుగున నోటితో ఊది పెట్టేవాళ్ళం. కాంట్రా ఆటలో మూడు లైఫ్‌లు. బటన్లు ఒక వరసలో నొక్కడం తెలిసినవాడికి ముప్పై. ఇప్పుడు ఫోన్లలో ఆడే పిల్లలు "నాక్ అయ్యాన్రా, రివైవ్ చెయ్" అని అరుస్తుండటం మీరు మీ ఇంట్లోనే విని ఉంటారు. ఇక్కడ చావంటే కాసేపు పక్కన కూర్చోవడం. అంతకు మించి దానికి అర్థం లేదు. మళ్ళీ బతుకుతామన్న నమ్మకం మీదే ఆట నడుస్తుంది.

ఆ నమ్మకాన్ని ముందు బాగా అలవాటు చేసి, తర్వాత ఒకే ఒక్క చోట దాన్ని తీసేస్తే ఏమవుతుంది?

1997 జనవరిలో జపాన్‌లో స్క్వేర్ సంస్థ 'ఫైనల్ ఫాంటసీ 7' అనే ఆట విడుదల చేసింది. సోనీ ప్లేస్టేషన్ మీద ఆడాలి, మూడు సీడీల ఆట. అందులో ఏరిత్ అనే అమ్మాయి ఉంటుంది. మిడ్గార్ అనే ఉక్కు నగరం అడుగున, ఎండ పొడ సోకని మురికివాడలో పూలమ్ముకుంటుంది. ఆ నేల మీద గడ్డి కూడా మొలవదు. పూలు పూసేది పాత చర్చిలో నేల పగిలిన చోట, ఆమె ఇంటి పెరట్లో. ఆడేవాళ్ళు నడిపేది క్లౌడ్ అనే కత్తి వీరుణ్ణి. ఏరిత్ అతని జట్టులో మనిషి, తోటివాళ్ళ గాయాలు మాన్పే శక్తి ఉన్న మనిషి. గంటల తరబడి కష్టపడి ఆమెకు కొత్త విద్యలు నేర్పిస్తాం. డబ్బు కూడబెట్టి మంచి ఆయుధం కొనిపెడతాం.

మొదటి సీడీ చివర, నీళ్ళ మధ్య ఒక రాతి గద్దె మీద ఆమె మోకరిల్లి ప్రార్థన చేస్తుంటుంది. క్లౌడ్ అక్కడికి చేరతాడు. అప్పుడు మీరు ఏ బటన్ నొక్కినా అతను కత్తి దూస్తాడు. ఆమె మీదికే ఎత్తుతాడు. అతని మనసు అప్పటికే శత్రువు వశంలో ఉంది. స్నేహితులు అరిస్తే ఆగుతాడు. ఆమె కళ్ళు తెరిచి అతన్ని చూసి నవ్వుతుంది. అంతలో ఆ శత్రువు సెఫిరోత్ పైనుంచి దిగి పొడవాటి కత్తితో వెనక నుంచి పొడుస్తాడు. జుట్టుకు కట్టుకున్న రిబ్బను ముడి వీడుతుంది. అందులో దాచుకున్న చిన్న గోళీ రాళ్ళ మీద టంగు టంగుమంటూ ఎగిరిపడుతూ వెళ్ళి నీళ్ళలో మునిగిపోతుంది. ఆ చప్పుడు విన్నవాళ్ళు మరిచిపోలేదు.

వెంటనే ఒక వికృత జీవితో యుద్ధం మొదలవుతుంది. యుద్ధమంటే హోరెత్తించే వాద్యాలు ఉండాలి కదా, ఇక్కడ ఉండవు. నొబువో ఉయెమత్సు ఏరిత్ కోసం కట్టిన మెత్తటి బాణీ ఆగకుండా సాగుతూనే ఉంటుంది. అది చెవుల్లో మోగుతుండగానే మీరు కత్తి తిప్పాలి. తర్వాత క్లౌడ్ ఆమెను చేతుల మీద మోసుకెళ్ళి నీళ్ళలోకి వదులుతాడు.

ఆ ఆటలో ఫీనిక్స్ డౌన్ అనే ఈక ఉంటుంది. యుద్ధంలో పడిపోయినవాణ్ణి లేపుతుంది. అప్పటికి ఆడేవాడి సంచిలో అలాంటివి చాలానే పోగై ఉంటాయి. అవి ఉన్నాయి, ఆమె లేదు. ఆమెను తిరిగి తెచ్చే రహస్యం ఏదో ఆటలో దాచారని జనం ఏళ్ళ తరబడి వెతికారు. మూలమూలలా తిరిగారు, ఆట లోపలి లెక్కలను మార్చే పరికరాలు తగిలించి చూశారు. రహస్యమేమీ లేదు. ఆ కథను కొత్తగా చెప్పే 'రీబర్త్' 2024లో వచ్చే ముందు కూడా, ఈసారైనా ఆమె బతుకుతుందా అని 27 ఏళ్ళ తర్వాత నడివయసు వాళ్ళు చర్చించుకున్నారు. ఇంట్లో మనిషి పోయినప్పుడు ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తే బతికేదేమో అని ఏళ్ళ తరబడి అనుకుంటాం చూడండి, ఆ వెతుకులాట అలాంటిదే.

ఈ ఆటల వరస మొదలుపెట్టిన హిరోనోబు సకగుచి తల్లి, మూడో ఆట తయారవుతున్న రోజుల్లో చనిపోయారు. ప్రాణం ఎక్కడికి పోతుందన్న ప్రశ్న అప్పటి నుంచి ఆయన్ను వదల్లేదు. ఏడో ఆటలో భూమి లోపల పారే జీవధార అనే ఊహకు మూలం అదే. దుఃఖం తెలిసినవాళ్ళు చేసిన ఆట కాబట్టే దాని దెబ్బ అంత లోతుగా తగిలింది.

కాలిన్ రాడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1975లో ఒక ప్రశ్న వేశాడు. నవలలోని అన్నా కరేనినా అనే మనిషి నిజంగా లేదని తెలిసి కూడా ఆమె చావుకు మనం ఎలా చలించిపోతాం అని. అది సహజమే గానీ అందులో పొంతన లేదన్నాడాయన. మన ఆలంకారికులు ఆ ముడిని ఎప్పుడో విప్పారు. కావ్యంలో శోకం ఫలానా రాముడిదో సీతదో అయి ఉండదు, మనుషులందరికీ చెందిన శోకమై సహృదయుణ్ణి కరిగిస్తుంది అన్నారు. ఆ మాట నాకు నచ్చుతుంది. కానీ వాళ్ళు చెప్పింది చూసేవాడి గురించి, వినేవాడి గురించి. దేవదాసు సీసా ఎత్తితే మనం ఆపలేం. ఆపలేదన్న నేరభావం కూడా మనకు లేదు. ఆట ఆడేవాడు ప్రేక్షకుడు మాత్రమే అయితే ఈ లెక్క సరిపోయేది. అతని పది వేళ్ళూ కథ లోపల ఉన్నాయి. అక్కడే కొత్త సంగతి ఉంది.

దీన్ని నాకు అందరికన్నా బాగా చూపించింది ఒక చిన్న ఆట. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. పేరు 'బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్'. 2013లో వచ్చింది. చేసినాయన జోసెఫ్ ఫారెస్, లెబనాన్‌లో పుట్టి స్వీడన్‌లో పెరిగిన సినిమా దర్శకుడు. తండ్రి జబ్బుపడితే ఇద్దరు అన్నదమ్ములు ఒక మహావృక్షం దగ్గరున్న మందునీళ్ళ కోసం బయల్దేరతారు. తల్లి అంతకు ముందే నీళ్ళలో మునిగి పోయింది. తమ్ముడి కళ్ళ ముందే పోయింది. అందుకని వాడికి నీళ్ళంటే భయం. వాళ్ళు మాట్లాడే భాష ఏ దేశానిదీ కాదు, ఒక్క ముక్క అర్థం కాదు. అవసరమూ ఉండదు.

ఆ ఆటలో కంట్రోలర్ ఎడమ వైపంతా అన్న, కుడి వైపంతా తమ్ముడు. ఎడమ బొటనవేలితో అన్నను నడపాలి, కుడి బొటనవేలితో తమ్ముణ్ణి. మొదట్లో తికమకగా ఉంటుంది, ఇద్దరూ చెరో గోడకూ గుద్దుకుంటారు. గంట గడిచేసరికి రెండు చేతులూ కలిసి నడవడం నేర్చుకుంటాయి. అన్న బరువు ఎత్తుతాడు, తమ్ముడు సన్నటి సందులోంచి దూరతాడు. లోతు నీళ్ళొస్తే అన్న ఈదుతాడు, తమ్ముడు వీపు పట్టుకుంటాడు. ఆ పట్టు కుడి చేతి వేలు. అది వదిలితే తమ్ముడు విడిపోతాడు.

కథ చివరికొచ్చేసరికి అన్నకు గాయమవుతుంది. తమ్ముడు చెట్టెక్కి నీళ్ళు తెచ్చేలోగా ప్రాణం పోతుంది. తమ్ముడే గుంట దగ్గరికి అన్నను లాగాలి, తమ్ముడే మట్టి తొయ్యాలి. ఆ పనంతా కుడి చేతితో చేస్తుంటారు. ఎడమ చెయ్యి కంట్రోలర్ మీదే ఉంటుంది, దానికి పని ఉండదు. అన్న పోయాడన్న సంగతి కన్ను కంటే ముందు చేతికి తెలుస్తుంది. ఇంట్లో మనిషి పోయాక అలవాటు కొద్దీ నాలుగో కంచం తీసి, మళ్ళీ గూట్లో పెట్టేసే చెయ్యి మీరెరిగే ఉంటారు.

తర్వాత ఇంటి దారిలో వాన, ఎదురుగా నది. అవతల తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడు. తమ్ముడు నీళ్ళలో అడుగు పెట్టడు. కుడి బటన్ ఎంత నొక్కినా భయపడి ఆగిపోతాడు. ఏం చెయ్యాలో ఆట చెప్పదు. నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. చివరికి ఎడమ వేలు నొక్కాను. అది అన్న బటన్. తమ్ముడు నీళ్ళలో దూకి ఈదడం మొదలుపెట్టాడు.  పోయినవాడి బలం ఉన్నవాడికి వచ్చిందని ఆ ఒక్క వేలితో చెప్పారు. నాన్న పోయిన ఏడాది బోరు మోటారు పాడైతే, ఆయన ఎలా విప్పేవారో గుర్తు చేసుకుంటూ నేనే విప్పి బిగించిన రోజు ఒకటుంది. ఆ నది ఒడ్డున నాకు ఆ రోజే గుర్తొచ్చింది, కళ్ళు నిండాయి.

వాల్మీకి క్రౌంచపక్షి కూలడం చూశాడు, శోకం శ్లోకమైంది. బాణం మాత్రం బోయవాడిది. 2004లో హిడియో కొజిమా చేసిన 'మెటల్ గేర్ సాలిడ్ 3'లో ఆ బాణాన్ని ఆడేవాడి చేతిలో పెట్టారు. కన్నతల్లిలా విద్య నేర్పిన గురువు తెల్లటి పూల మధ్య ఓడి పడి ఉంటుంది. ఆమెను చంపి రమ్మని ప్రభుత్వం ఆజ్ఞ. తుపాకీ ఎక్కుపెట్టిన శిష్యుడు కదలకుండా నిలబడతాడు. ఆట అక్కడ ఆగిపోతుంది. మీ వేలు నొక్కితే తప్ప కథ సాగదు. ఎంతసేపు ఆగినా వేరే దారి తెరుచుకోదు.

ఆడించేవాడికి ఆ బంధం కట్టే ఓపిక లేకపోతే ఇదే పని తేలిపోతుంది. 2014లో ఒక 'కాల్ ఆఫ్ డ్యూటీ' ఆటలో సైనికుడి అంత్యక్రియల దృశ్యం పెట్టారు. శవపేటిక దగ్గరికి వెళ్తే, నివాళి అర్పించడానికి ఎఫ్ నొక్కమని తెర మీద వస్తుంది. ఆ సైనికుడితో ఆడేవాళ్ళకు అప్పటికి ఉన్న పరిచయం చాలా తక్కువ. జనం నవ్వారు. నేటికీ కుర్రవాళ్ళు ఏదైనా పోయిందంటే ఫోన్లో ఎఫ్ అని కొట్టి ఊరుకుంటారు. బటన్ అక్కడా ఉంది, నదిలోనూ ఉంది. మొదటిదానికి ముందు ఏమీ లేదు. రెండోదానికి ముందు ఇద్దరు అన్నదమ్ములు కలిసి నడిచిన దారంతా ఉంది.

ఇప్పుడు చేతక్ దగ్గరికి వస్తాను.

మావాడు ఆడింది 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'. రాక్‌స్టార్ సంస్థ 2018 అక్టోబరులో విడుదల చేసింది. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళ కోసం చేసిన ఆట అది, చిన్నపిల్లల చేతికి ఇవ్వకూడదు. కథాకాలం 1899, అమెరికా. దోపిడీ ముఠాలు అంతరించిపోతున్న రోజులు. ఆర్థర్ మోర్గాన్ అలాంటి ఒక ముఠాలో మనిషి. కథ మొదట్లోనే ఒక రోజు, ముఠా ఇచ్చిన అప్పు వసూలు చెయ్యడానికి డౌన్స్ అనే బక్క రైతు ఇంటికి వెళ్తాడు. రైతు దగ్గుతూ ఉంటాడు. ఆర్థర్ అతన్ని కొడతాడు. అంటే బటన్ నొక్కి మీరే కొడతారు. రైతు దగ్గిన తుంపర ఆర్థర్ ముఖం మీద పడుతుంది. కథ ముందుకు సాగిపోతుంది, చాలామంది ఆ సంగతి పట్టించుకోరు. ఎన్నో గంటల ఆట తర్వాత సెయింట్ డెనిస్ అనే పట్నం వీధిలో ఆర్థర్ దగ్గి దగ్గి కూలిపోతాడు. వైద్యుడు చూసి క్షయ అని చెబుతాడు. ఆ రోజు కొట్టిన దెబ్బ తిరిగి వచ్చిందని అప్పుడు తెలుస్తుంది.

భోగిమంట దగ్గర మావాడు ఇది చెబుతుంటే మా అమ్మ, "మరి గుర్రం ఎక్కేవాడు ఏమయ్యాడు?" అని అడిగింది. "వాడికి టీబీ నానమ్మా" అన్నాడు. ఆవిడ ముఖం మారిపోయింది.

మా తాతయ్య తమ్ముడొకాయన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో ఏడాదికి పైగా ఉండి, బతికి ఇంటికొచ్చారు. వచ్చాక కూడా ఆయన కంచం, గ్లాసు విడిగా వరండా గూట్లో ఉండేవి. పిల్లల్ని దగ్గరికి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదు. ఆయన రాత్రిళ్ళు దగ్గుతుంటే ఇల్లంతా మెలకువగా ఉండేదని మా అమ్మ చెబుతుంది. రాబర్ట్ కోహ్ 1882లోనే క్షయ క్రిమిని కనిపెట్టాడు. మందు మాత్రం 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చేదాకా లేదు. అంటే ఆర్థర్ నాటికి జబ్బుకు కారణం తెలుసు, నయం చేసే మందు లేదు. ఇప్పుడు మందులున్నాయి. అయినా ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఎక్కడో అమెరికా కథే గానీ, ఆ దగ్గు మా ఇంటికి పరాయిది కాదు.

జబ్బు తెలిశాక ఆర్థర్ మారతాడు. కళ్ళు ఎర్రబడతాయి, బుగ్గలు లోపలికి పోతాయి. తాను కొట్టి చావుకు కారణమైన ఆ రైతు భార్యనూ కొడుకునూ వెతికి సాయం చెయ్యవచ్చు. మంచి దారిలో ఆడుకుంటూ వచ్చినవారికి, రైల్వే స్టేషనులో ఒక సన్యాసినితో అతను మాట్లాడే దృశ్యం వస్తుంది. అంతటి మొనగాడు తనకు భయంగా ఉందని ఒప్పుకుంటాడు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచిన చోటు అదే.

ఆఖరి రాత్రి, స్నేహితుణ్ణి వాడి పెళ్ళాంబిడ్డల దగ్గరికి చేర్చాలని ఆర్థర్ గుర్రం మీద దౌడు తీస్తాడు. వెంట పడ్డవాళ్ళ తుపాకీ గుళ్ళకు గుర్రం కూలుతుంది. స్నేహితుడు పరిగెత్తమని తొందరపెడతాడు. తూటాలు పడుతూనే ఉంటాయి. ఆర్థర్ వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, గుర్రం మెడ నిమిరి, దానికి కృతజ్ఞత చెప్పి లేస్తాడు. మామూలుగా ఆ ఆటలో పడిపోయిన గుర్రాన్ని లేపే మందు ఉంటుంది. మావాడి సంచిలో రెండు సీసాలున్నాయట. "అవి ఉన్నాయి గదా అనుకున్నాను పెదనాన్నా. వాడనివ్వలేదు" అన్నాడు. ఏరిత్ పోయినప్పుడు ఆనాటి పిల్లలు ఈకలు చూపించి అడిగింది కూడా ఇదే. కొండ మీద తెల్లవారుతుండగా ఆర్థర్ కూడా పోతాడు.

గుర్రం దగ్గర ఏడ్చినంత ఆర్థర్ దగ్గర ఏడవలేదని మావాడు చెప్పాడు. ఎందుకని అడిగాను. "ఆర్థర్‌ను వాళ్ళు తయారు చేశారు. చేతక్‌ను నేను పెంచుకున్నాను" అన్నాడు. ఇంతసేపూ నేను చెప్పాలనుకున్నది వాడు రెండు ముక్కల్లో చెప్పాడు.

ఈ దుఃఖం ఎప్పుడూ మంచిగానే బయటికొస్తుందని చెప్పను. 2020 జూన్‌లో 'ద లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగం వచ్చింది. మొదటి భాగమంతా ఆడేవాళ్ళు తండ్రిలా చూసుకున్న జోయెల్‌ను, ఇందులో ఆబీ అనే అమ్మాయి ఘోరంగా చంపుతుంది. తర్వాత ఆట ఆ ఆబీనే మన చేతికిచ్చి ఎన్నో గంటలు నడిపిస్తుంది. ఆమె తండ్రిని జోయెల్ చంపాడని చూపిస్తుంది. చాలామంది ఆ కష్టాన్ని భరించి, పగకు రెండు వైపులూ చూశారు. కొందరు మాత్రం ఆబీకి గొంతు ఇచ్చిన నటి లారా బెయిలీని చంపుతామని, ఆమె కుటుంబాన్ని కూడా వదలమని బెదిరించారు. దాన్ని నేను శోకం అనను. శోకం ఉన్నవాడు పోయినవాడి గురించి మాట్లాడతాడు, ఇంకొకరి ఇంటి మీదికి వెళ్ళడు.

ఇంకొక్క ఆట గురించి చెప్పాలి. అందులో పోయింది కల్పిత పాత్ర కాదు. అమెరికాలో ర్యాన్ గ్రీన్, ఏమీ గ్రీన్ దంపతుల కొడుకు జోయెల్‌కు ఏడాది వయసులోనే మెదడు క్యాన్సర్ బయటపడింది. 2014 మార్చిలో, అయిదేళ్ళ వయసులో పోయాడు. వాడు బతికి ఉండగానే తల్లిదండ్రులు మొదలుపెట్టిన ఆట 'దట్ డ్రాగన్, క్యాన్సర్' 2016 జనవరిలో విడుదలైంది. ఆస్పత్రి గదిలో రాత్రి పిల్లవాడు ఏడుస్తుంటాడు. తండ్రి ఎత్తుకుంటాడు, ఊపుతాడు, రసం తాగిస్తాడు. అది కక్కుకుంటాడు. మీరు ఏది నొక్కినా ఏడుపు ఆగదు. గెలవడం నేర్చిన వేళ్ళు మొదటిసారి ఊరికే ఉండిపోతాయి. ఆస్పత్రి వార్డుల్లో రాత్రి తెల్లవార్లూ కూర్చున్న తల్లిదండ్రులకు ఆ గది తెలుసు. ఆట లోపల ఆస్పత్రి గోడల వెంట, క్యాన్సర్‌తో తమవాళ్ళను పోగొట్టుకున్న ఎందరో రాసిన కార్డులుంటాయి. ఒక్కొక్కటీ తెరిచి చదవవచ్చు.

కనుమ నాడు నేను బయల్దేరుతుంటే మా తమ్ముడు కొడుకు గదిలోకి వెళ్ళి, "ఏదిరా, ఆ గుర్రం ఎట్లా ఉండేది?" అని అడగడం వినిపించింది. మావాడు ఫోన్లో దాచుకున్న బొమ్మలు చూపించాడు. గోధుమ రంగు, నుదుట తెల్లమచ్చ.

పది రోజుల కిందట వాడు నాకు ఫోన్ చేశాడు. ఆట చివరికంటా ఆడేశాడట. ఆర్థర్ సమాధి ఎక్కడుందో ఆట చెప్పదు. కొండలెక్కి వాడే వెతుక్కున్నాడు. చుట్టూ పూలున్నాయన్నాడు. పక్కనే ఉన్న మా అమ్మ ఫోన్ తీసుకుని, "గుర్రాన్ని ఎక్కడ పూడ్చారో అడిగాను, దానికి సమాధి లేదంటున్నాడు" అని చెప్పింది.

శ్రోతల్లో తల్లిదండ్రులున్నారు, తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు ఉన్నారు. మీ ఇంట్లో కుర్రవాడో ఆడపిల్లో ఆట ఆపేసి మాట్లాడకుండా కూర్చుని ఉంటే, చదువు సంగతి రేపు అడగవచ్చు. పక్కన కాసేపు కూర్చోండి. ఎవరు పోయారని అడగండి. పేరు చెబుతారు, కథంతా చెబుతారు. వినండి.